ముందు చూసివచ్చినవారు: తెలుగువారి వలసల్లో స్థలాన్వేషణ

పుట్టిన ఊరు విడిచి పరాయి రాజ్యంలోనో, సముద్రం అవతలి దేశంలోనో స్థిరపడదలచిన కుటుంబం, ఉన్నది అమ్ముకోకముందే ఒక మనిషిని పంపి, అక్కడి నేల ఎలాంటిది, నీరు ఎన్నాళ్ళు అందుతుంది, కూలి ఎంత, జనం తీరు ఏమిటి అని విచారించుకోవడం తెలుగునాట చాలాకాలంగా ఉన్న ఆచారం. వలసల మీద వచ్చిన రచనల్లో ఓడలు, తోటలు, ఒప్పందాలు, సంఘాలు కనిపించినంతగా ఈ తొలి ప్రయాణం కనిపించదు. కాని వలస వెళ్ళినవారి బతుకు నిలబడిందా, చితికిపోయిందా అన్నది చాలా సందర్భాల్లో ఈ దశలోనే తేలిపోయింది. ముందుగా వెళ్ళి చూసింది ఎవరు, ఆ ఖర్చు ఎవరు భరించారు, చూసిన చోట తానే కాపురం పెట్టదలచి చూశాడా లేక ఇతరులను అక్కడికి చేర్చి ప్రతిఫలం పొందడానికి చూశాడా అనే విషయాలు తెలిస్తే, ఒక వలస స్వభావం చాలావరకు అర్థమవుతుంది.

ఈ చరిత్రను పరిశీలించడానికి తిరువూరు అనువైన చోటు. 2022 ఏప్రిల్ 4న ఏర్పడిన ఎన్టీఆర్ జిల్లాలో, అంతకుముందు కృష్ణా జిల్లాలో ఉన్న ఈ పట్టణం విజయవాడ నుంచి భద్రాచలం మీదుగా జగదల్‌పూర్ వెళ్ళే రహదారి మీద, తెలంగాణ సరిహద్దును ఆనుకొని ఉంది. నేడు అది రెండు రాష్ట్రాల మధ్య గీత మాత్రమే అయినా, 1948 సెప్టెంబరులో హైదరాబాద్ సంస్థానం భారత యూనియన్‌లో కలిసే వరకు అది రెండు రాజ్యాల సరిహద్దు. ఇవతల మద్రాసు ప్రెసిడెన్సీ చట్టాలు, బ్రిటిష్ రూపాయి, సెంట్ల లెక్కన కొలిచే భూమి ఉంటే, అవతల నిజాం ఫర్మానాలు, హాలీ సిక్కా అనే వేరే నాణెం, ఎకరాన్ని నలభై గుంటలుగా విభజించే కొలత, ఉర్దూలో రాసిన దస్తావేజులు ఉండేవి. దాటించే సరుకుల మీద కరోడ్‌గిరి అనే సుంకపు శాఖ పన్ను వసూలు చేసేది. అయితే రెండు వైపులా మాట్లాడేది తెలుగే కావడం, పెళ్ళి సంబంధాలూ సంతలూ సరిహద్దును లెక్కచేయకపోవడం వల్ల, ఇక్కడివారికి పరాయి రాజ్యాన్ని చూసిరావడం ప్రత్యేకమైన యాత్ర కానవసరం లేదు. వియ్యంకుల ఇంటికి వెళ్ళిన మనిషి దారిలో చెరువు ఎంత నిండిందో, కౌలు ఏ రేటున నడుస్తున్నదో గమనించి రావచ్చు. 1947, 1948 సంవత్సరాల్లో రజాకార్ల దౌర్జన్యానికి తట్టుకోలేక అవతలి గ్రామాల వారు కృష్ణా జిల్లా సరిహద్దు ఊళ్ళకు తరలివచ్చినప్పుడు వారికి ఆసరా అయిన దారుల్లో ఈ రాకపోకల దారులూ ఉన్నాయి.

నేలను వెతుక్కుంటూ వెళ్ళవలసిన అవసరం ఎందుకు కలిగిందో తెలియాలంటే జిల్లా భూస్థితిని చూడాలి. 1852లో మొదలై 1855లో పూర్తయిన విజయవాడ ఆనకట్ట కృష్ణా డెల్టాను మాగాణిగా మార్చింది. కాని తిరువూరు, నందిగామ, నూజివీడు వంటి మెట్ట ప్రాంతాలు ఆ కాలువలకు ఎగువన ఉండిపోవడంతో, చెరువుల మీద, వానల మీద ఆధారపడక తప్పలేదు. డెల్టాలో పంట మిగులు పెరిగి, దానితోపాటు భూమి ధర పెరిగి, అన్నదమ్ముల మధ్య కమతాలు చీలిపోయిన కొద్దీ, ఇక్కడ ఒక ఎకరం కొనే డబ్బుతో ఇంకెక్కడైనా అనేక ఎకరాలు వస్తాయా అన్న ఆలోచన సహజంగా బలపడింది. ఈ విధంగా మెట్ట రైతును నీటి కొరత, డెల్టా రైతును భూమి ఖరీదు బయటకు చూసేటట్లు చేశాయి.

ఆ చూపు ముందుగా నిలిచిన చోట్లలో నిజాం రాజ్యంలోని మంజీరా లోయ ముఖ్యమైనది. ఇంజనీరు నవాబ్ అలీ నవాజ్ జంగ్ ఆధ్వర్యంలో 1923లో ఆరంభమై 1931లో పూర్తయిన నిజాంసాగర్ 2,75,000 ఎకరాలకు నీరందించేందుకు రూపొందింది. నీరు వచ్చినా, కాలువ కింద వరి సాగుకు కావలసిన పెట్టుబడి, అనుభవం స్థానిక రైతుల్లో అందరికీ లేకపోవడంతో కృష్ణా, గుంటూరు, గోదావరి జిల్లాల రైతులకు అక్కడ చోటు దొరికింది. బోధన్, బాన్సువాడ ప్రాంతాల్లో వారు స్థిరపడ్డారు. 1930ల చివరలో బోధన్‌లో వెలసిన నిజాం చక్కెర కర్మాగారం చెరకుకు నిలకడైన గిరాకీ తెచ్చి, ఆ వలసకు రెండో ఊపు ఇచ్చింది.

ఇటువంటి వలసలో చూసిరావడం ఒక క్రమంలో జరిగేది. కోతలు, నూర్పిళ్ళు ముగిసి పని తీరిక దొరికే వేసవిలో దగ్గరి బంధువులు కొందరు కలిసి బయలుదేరడం, ముందే అక్కడ ఉన్నవారి ఇంట దిగడం, కొనడానికి తొందరపడకుండా ఒకటి రెండు పంటలు కౌలుకు చేసి చూడడం, ఆ తర్వాతే సొంత ఊళ్ళో భూమి అమ్మకానికి పెట్టడం సాధారణంగా అనుసరించిన పద్ధతి. పరిశీలించవలసినవీ స్పష్టంగా ఉండేవి. నేల నల్లరేగడా, చౌడు తేలే గుణం ఉందా, పొలం కాలువ తలదగ్గర ఉందా చివర ఉందా, పట్టా ఎవరి పేర ఉంది, ఊళ్ళో కూలీలు దొరుకుతారా అన్నవి తేల్చుకోవాలి. వేసవి ప్రయాణానికి ఒక లోపం ఉంది. కాలువలు కట్టేసిన నెలల్లో నేల కనిపిస్తుంది కాని నీటి నడక కనిపించదు. కౌలుకు చేసి చూసే పద్ధతి ఈ లోపాన్నే పూడ్చింది. తెలుగు రైతు పాటించిన జాగ్రత్తల్లో ఇది అత్యంత వివేకవంతమైనదని చెప్పడం అతిశయోక్తి కాదు.

ఈ అనుభవం అంతా విస్తారంగా ప్రయోగానికి వచ్చింది తుంగభద్ర ఆయకట్టులో. 1945 ఫిబ్రవరిలో శంకుస్థాపన జరిగి, 1953లో నీరు వదిలిన ఈ ప్రాజెక్టు ఎడమ కాలువ నాటి హైదరాబాద్ రాష్ట్రంలోని రాయచూరు జిల్లా గుండా సాగింది. 1956 నవంబరు 1న జరిగిన పునర్విభజనతో ఆ జిల్లా మైసూరు రాష్ట్రంలో, అంటే నేటి కర్ణాటకలో చేరింది. గంగావతి, సింధనూరు, మాన్వి తాలూకాల్లో కోస్తా రైతులు నల్లరేగడి భూములు కొని, పొలాల దగ్గరే తాత్కాలికంగా గుడిసెలు వేసుకొని అడవిని, ముళ్ళకంపను కొట్టి మళ్ళు చదును చేశారు. ఆ తాత్కాలిక నివాసాలకే క్యాంపులు అన్న పేరు వచ్చింది. అవి బడి, గుడి, బియ్యం మిల్లు ఉన్న ఊళ్ళుగా ఎదిగిన తర్వాత కూడా ఆ పేరు పోలేదు. ముందు వెళ్ళిన ఒక కుటుంబం వెనుక అదే ఊరి కుటుంబాలు చేరడం వల్ల, కోస్తాలోని ఒక గ్రామం బంధుత్వాలతో సహా కన్నడ దేశంలో మళ్ళీ నిలిచినట్లయింది.

అయితే చూసివచ్చినవారి చూపుకు ఒక హద్దు ఉందని తుంగభద్రే రుజువు చేసింది. 227 కిలోమీటర్ల ఎడమ కాలువను ప్రభుత్వం రూపొందించినది, తక్కువ నీటిని ఎక్కువ విస్తీర్ణానికి పంచి కరవును అడ్డుకునే రక్షక సేద్యం కోసం. ఏ సర్వే నంబరులో ఏ పంట వేయాలో ముందే నిర్ణయించి, ఎక్కువ భాగాన్ని జొన్న, పత్తి, వేరుశనగ వంటి ఆరుతడి పంటలకు కేటాయించారు. డెల్టా నుంచి వచ్చిన రైతుకు కాలువ అంటే వరి. అందువల్ల ఎగువ భాగంలో వరి నిర్ణీత పరిమితిని దాటి విస్తరించింది, దిగువన మాన్వి, రాయచూరు వైపు పొలాలకు నీరు అందడం కష్టమైంది. స్థానిక రైతుల్లో చాలామంది, నీటి విలువ తెలిసేలోపే తక్కువ ధరకు భూములు అమ్ముకున్నారు. వలస వచ్చినవారి శ్రమను తక్కువ చేయడం అన్యాయమే అవుతుంది, కాని స్థలం చూడడానికి వెళ్ళిన మనిషి తన కుటుంబం కోసమే చూస్తాడని, కాలువ చివరి రైతు అతని లెక్కలోకి రాడని ఒప్పుకోవాలి.

సముద్రం దాటిన వలసల్లో పరిస్థితి పూర్తిగా తలకిందులు. 1860 నవంబరు 16న ట్రూరో ఓడలో మద్రాసు నుంచి నేటాల్ చేరినవారిలో గాని, 1903 నుంచి మద్రాసు రేవు మీదుగా ఫిజీకి వెళ్ళినవారిలో గాని ఎక్కువమంది, తాము కాలు మోపబోయే నేల గురించి తమ మనిషి ఎవరూ చూసివచ్చి చెప్పగా విన్నవారు కారు. ఐదేళ్ళు ఒకే యజమాని దగ్గర పనిచేస్తామని వేలిముద్ర వేసే ఒప్పంద కూలీ విధానంలో, ఆ దేశం గురించి చెప్పేవాడు తలకింత అని ప్రతిఫలం తీసుకునే దళారి. సింహళం, మలయాల తోటలకు కూలీలను తెచ్చిన కంగాణీ, రంగం అని ఉత్తరాంధ్ర జనం పిలుచుకున్న రంగూన్‌కు మనుషులను తీసుకెళ్ళిన మేస్త్రీ ఇంతకన్నా కొంత భిన్నం. తోటలోనో మిల్లులోనో పనిచేసి, తన ఊరికి తిరిగివచ్చి, తన కులంవారినీ బంధువులనూ వెంట తీసుకుపోయే మనిషి కాబట్టి అతడు నిజంగానే చూసివచ్చినవాడు. కాని ముందుగా ఇచ్చిన బయానా అప్పుగా మారడం, ఆ అప్పు కూలీ జీతంలో కోతగా మారడం వల్ల, అతని మాటలో ఎంత నిజమో, ఎంత లాభాపేక్షో కూలీకి ఓడ దిగేవరకు తెలిసేది కాదు. చూసివచ్చినవాడే అమ్మేవాడు కూడా కావడం ఈ విధానంలోని మూలదోషం.

ఈ లోటును ఒక దేశం తరఫున పూడ్చే ప్రయత్నం 1922లో జరిగింది. ఒప్పంద కూలీల సేకరణ 1917లో ఆగి, ఫిజీలో మిగిలిన ఒప్పందాలు 1920 జనవరి 1న రద్దయ్యాక, చెరకు తోటల యజమానులకు కూలీల కొరత ఏర్పడింది. బ్రిటిష్ గయానా ప్రభుత్వమూ, ఫిజీ ప్రభుత్వమూ స్వేచ్ఛా వలస పేరుతో భారతీయులను మళ్ళీ పంపమని కోరాయి. అప్పుడు భారత ప్రభుత్వం ముందుగా చెరొక దేశానికి ఒక బృందాన్ని పంపి చూడాలని నిర్ణయించింది. ఆ రెండు బృందాలకూ అధ్యక్షులు తెలుగు ప్రాంతాల నాయకులే కావడం ఇక్కడ ప్రత్యేకంగా గుర్తించవలసిన విషయం. ఫిజీ వెళ్ళిన బృందానికి ఉత్తరాంధ్ర నాయకుడు, కేంద్ర శాసనసభ సభ్యుడు భూపతిరాజు వెంకటపతిరాజు అధ్యక్షత వహించగా, కార్బెట్, గోవింద్ సహాయ్ శర్మ, హిస్సాముద్దీన్ ఖాన్ సభ్యులుగా ఉన్నారు. 1885లో బొంబాయిలో జరిగిన మొదటి కాంగ్రెస్ మహాసభకు హాజరైన గుత్తి న్యాయవాది కేశవ పిళ్ళై, వెంకటేశ్ నారాయణ్ తివారీ, బొంబాయి వ్యవసాయ శాఖ మాజీ అధికారి కీటింగ్‌లతో కలిసి గయానా వెళ్ళారు.

ఈ బృందాలు చూడవలసినవి, తుంగభద్రకు వెళ్ళిన రైతు చూసినవాటికి మూలంలో భిన్నమైనవి కావు. దొరికే కూలితో అక్కడి ధరల్లో ఒక కుటుంబం బతకగలదా, ఒప్పందం ముగిసినవారికి భూమి దక్కుతుందా, ఇళ్ళు, మురుగు, వైద్యం ఎలా ఉన్నాయి, భారతీయుడికి పాలనలో గొంతు ఉందా అని వారు విచారించారు. ఫిజీలో 1920, 1921 సంవత్సరాల్లో భారతీయ కార్మికులు చేసిన సమ్మెల తర్వాత అక్కడ అడుగుపెట్టిన వెంకటపతిరాజు బృందం తన నివేదికను సమర్పించినా, ప్రభుత్వం దానిని ప్రచురించలేదు. ఫిజీకి కూలీల వలస మళ్ళీ మొదలుకాలేదు. గయానా విషయంలో కీటింగ్ వేరుగా నివేదిక ఇవ్వడంతో ఒకే నేలను చూసినవారి అభిప్రాయాలు రెండుగా వెలువడ్డాయి. 1925లో కున్వర్ మహరాజ్ సింగ్ అనే అధికారిని మళ్ళీ పంపి విచారించినా ఆ వలస పథకం కార్యరూపం దాల్చలేదు. వెళ్ళదలచినవాడికి నేరుగా ఉపయోగపడవలసిన ఫిజీ నివేదికను దాచి ఉంచడం సమర్థించరానిది.

అదే 1922లో వచ్చిన భారత వలస చట్టం, నైపుణ్యం అవసరం లేని పనుల కోసం విదేశానికి వెళ్ళడాన్ని, ప్రభుత్వం ప్రకటించిన దేశాలకు, ప్రకటించిన షరతుల మీద మాత్రమే అనుమతించింది. ఒక దేశం ప్రజల కోసం ముందుగా చూసి చెప్పాలన్న సూత్రం చట్టరూపం ధరించడం చిన్న విషయం కాదు. అయినా ఒకసారి చూస్తే సరిపోదని మలయా అనుభవం చెప్పింది. ప్రభుత్వం తరఫున అక్కడికి వెళ్ళిన వి.ఎస్. శ్రీనివాస శాస్త్రి 1937లో ఇచ్చిన నివేదికలో పరిస్థితులు వలసను ఆపవలసినంత చెడ్డగా లేవని తేల్చగా, మరుసటి ఏడాది తోటల యజమానులు కూలి తగ్గించడంతో భారత ప్రభుత్వం సహాయంతో సాగే వలసను నిషేధించవలసి వచ్చింది. బర్మా విషయంలో ఆ వ్యవధి కూడా దొరకలేదు. 1937 ఏప్రిల్ 1న భారతదేశం నుంచి విడిపోయిన ఆ దేశంలో, 1941 డిసెంబరు 23న జపాన్ విమానాలు రంగూన్ మీద బాంబులు వేసిన తర్వాత, తరతరాలుగా మేస్త్రీల వెంట వెళ్ళిన తెలుగు కుటుంబాలు అనేకం అడవుల మీదుగా కాలినడకన తిరుగుముఖం పట్టాయి.

1922 చట్టం స్థానంలో 1983లో మరో వలస చట్టం వచ్చి, విదేశీ ఉద్యోగాలకు మనుషులను పంపే ఏజెంట్లు ప్రభుత్వం వద్ద నమోదు కావాలని నిర్దేశించింది. నాగార్జునసాగర్ ఎడమ కాలువ తిరువూరు వైపు మెట్టకు కొంత నీరు తెచ్చినా, నేటి వలస నీటిని బట్టి సాగడం లేదు. ఈ ప్రాంతపు పిల్లలు చదువుకు అమెరికా వెళ్ళేటప్పుడు విశ్వవిద్యాలయాన్ని ముందుగా చూసి రావడం సాధారణ కుటుంబానికి సాధ్యమయ్యే పని కాదు కాబట్టి, అక్కడే ఉన్న మేనమామ మాట ఒకవైపు, రుసుము తీసుకొని సీటు ఇప్పించే కన్సల్టెన్సీ మాట మరోవైపు నిలుస్తాయి. ఈ రెంటిలో ఏది కౌలు చేసి చూసిన రైతు మాట వంటిదో, ఏది మేస్త్రీ మాట వంటిదో కుటుంబం ప్రతిసారీ తేల్చుకోవలసి ఉంటుంది.

ఈ చరిత్రకు ఆధారాలు ప్రభుత్వ దస్త్రాల్లో సగమే ఉన్నాయి. మిగిలిన సగం, తిరువూరు చుట్టుపక్కల ఊళ్ళలోనూ, బోధన్, సింధనూరు, గంగావతి క్యాంపుల్లోనూ ఇంటి పెట్టెల్లో ఉన్న ఉర్దూ దస్తావేజుల్లో, కౌలు కాగితాల్లో, పొలం చూడడానికి వెళ్ళినవారు ఇంటికి రాసిన కార్డుల్లో, తొలి తరంలో ఇంకా జీవించి ఉన్న వృద్ధుల జ్ఞాపకాల్లో ఉంది. ఆ కాగితాలు చెదలు పట్టకముందే వాటి నకళ్ళు తీయించి దగ్గరలోని గ్రంథాలయానికో, కళాశాల చరిత్ర శాఖకో అందజేయాలని, పెద్దల మాటలను వారి నోటనే రికార్డు చేసి ఉంచాలని ఆయా కుటుంబాలవారికి విజ్ఞప్తి.