వ్రాయలేనివారికి, చూడలేనివారికి సమాచార హక్కు

సమాచార హక్కు చట్టం, 2005 చదువుకున్నవారికి మాత్రమే ఉద్దేశించినది కాదు. పింఛను ఎందుకు నిలిచిపోయినదో తెలుసుకొనగోరు వృద్ధురాలు దరఖాస్తు వ్రాయలేనప్పుడు, ఆమె నోటిమాటగా కోరినదానిని లిఖితరూపంలోకి తెచ్చుటకు పౌర సమాచార అధికారి తగిన సహాయం అందించవలెనని 6వ సెక్షను నిర్దేశిస్తున్నది. వ్రాసి తీసుకురమ్మని త్రిప్పి పంపరాదు. ఆంధ్రప్రదేశ్, తెలంగాణ రాష్ట్రాలలో దరఖాస్తును తెలుగులోనే ఇవ్వవచ్చును. కారణం తెలుపనవసరం లేదు.

చూపు, వినికిడి లోపం గలవారికి సమాచారం అందుటకు, రికార్డుల తనిఖీకి అవసరమైన సహాయాన్ని 7వ సెక్షను ప్రకారం అధికారియే సమకూర్చవలెను. దారిద్ర్యరేఖకు దిగువనున్నవారి నుండి రుసుము వసూలు చేయరాదు. సమాచారాన్ని సాధారణంగా 30 రోజులలోగా, వ్యక్తి ప్రాణానికి లేదా స్వేచ్ఛకు సంబంధించినదైతే 48 గంటలలోగా ఇవ్వవలెను.

అడుగకుండానే తెలియజేయుట కూడా కార్యాలయాల బాధ్యతయే. అందుకై నోటీసు బోర్డులు, వార్తాపత్రికలు, బహిరంగ ప్రకటనలు, ప్రసార మాధ్యమాలు, ఇంటర్నెట్‌లను వినియోగించవచ్చును. అయితే స్థానిక భాషను, ఆ ప్రాంతంలో ఎక్కువ ఫలితమిచ్చు పద్ధతిని పరిగణించవలెనని 4వ సెక్షను పేర్కొన్నది. చదువురానివారు అధికంగా గల గ్రామంలో గోడపై అంటించిన కాగితం ఒక్కటే చాలదు. దండోరా కూడా వేయించవలసియుండును.