తుంటిలో గుండు, నెత్తుట్లో కోబాల్టు



మా మేనమామకు ఏళ్ల క్రితం బెంగుళూరులో తుంటి కీలు మార్చారు. మొన్న ఆయాసం వస్తోందని డాక్టరు దగ్గరికి తీసుకెళ్తే, "తుంటిలో ఏ రకం కీలు వేశారు?" అని ఆయన అడిగారు. మాలో ఒక్కరమూ చెప్పలేకపోయాం. అడిగింది గుండె డాక్టరు! తుంటికీ గుండెకీ ఏమిటి సంబంధమని మా అత్త నన్ను అడిగింది. బడిపంతులు కదా, అన్నీ తెలుస్తాయని ఆమె నమ్మకం. అప్పుడు తెలియక, తర్వాత చదివి తెలుసుకున్నదే మీకు చెబుతున్నాను.

తుంటి కీలంటే గిన్నెలో తిరిగే గుండు. 1962లో ఇంగ్లండులో జాన్ చార్న్‌లీ అనే డాక్టరు లోహపు గుండును గట్టి ప్లాస్టిక్ గిన్నెలో అమర్చే పద్ధతిని నిలబెట్టారు. ఇప్పటికీ ఎక్కువగా వాడేది దాని సంతతే. అయితే ప్లాస్టిక్ అరుగుతుంది. అందుకని గుండూ గిన్నే రెండూ కోబాల్టు, క్రోమియం కలిపిన లోహంతో చేస్తే అరగవనుకున్నారు. బండి ఇరుసు చూసినవాళ్లకు చెప్పాలా, లోహం మీద లోహం తిరిగితే ఏమవుతుందో? కందెన నల్లబడుతుంది. ఒంట్లోనూ అంతే. సన్నని పొడి రాలి, కోబాల్టు నెత్తుట్లో కలుస్తుంది.

కోబాల్టు గుండెకు చెరుపు చేయగలదని లోకానికి ముందే తెలుసు. 1965-66లో కెనడాలోని క్విబెక్ నగరంలో బీరు బాగా తాగే సుమారు 50 మందికి గుండె కండరం దెబ్బతింది. వాళ్లలో 20 మంది చనిపోయారు. బీరులో నురగ నిలవడానికి కలిపిన కోబాల్టు లవణమే అందుకు కారణమని అనుమానించారు. తిండి సరిగా లేకపోవడం కూడా తోడైందంటారు.

ఇక కీళ్ల సంగతి. జాన్సన్ అండ్ జాన్సన్ వారి డిప్యూ కంపెనీ ఏ.ఎస్.ఆర్. అనే లోహపు కీలును 2009లో ఆస్ట్రేలియాలో ఆపేసింది. 2010 ఆగస్టులో ప్రపంచమంతటా వెనక్కి తీసుకుంది. అప్పటికి దాదాపు 93,000 మందికి వేశారు. అలాస్కాలో స్టీఫెన్ టవర్ అనే ఎముకల డాక్టరు తన తుంటిలోనే అది ఉండగా నెత్తుటి కోబాల్టు పెరిగి, గుండె దెబ్బతిన్నదని గుర్తించి, తన కేసునే రాసి ప్రచురించారు. అందరికీ ఇలా అవుతుందని కాదు. ఆస్ట్రేలియా లెక్కల్లో ఏ.ఎస్.ఆర్. ఒక రకం వేయించుకున్న మగవాళ్లు గుండె వైఫల్యంతో ఎక్కువగా ఆస్పత్రిలో చేరారు. ఇంగ్లండు, వేల్స్ లెక్కల్లో మాత్రం లోహపు కీళ్లవాళ్లకు అలాంటి తేడా కనబడలేదు.

మన దేశంలో సుమారు 4,700 మందికి ఆ కీలు వేశారు. కంపెనీ దగ్గర పేర్లు నమోదైనవాళ్లు వెయ్యి మందికి కాస్త పైన. మిగతా వాళ్లు ఎక్కడున్నారో తెలియదు. 2017లో కేంద్ర ప్రభుత్వం వేసిన కమిటీ ఈ సంగతి తేల్చాక, 2018లో పరిహారం లెక్క కట్టారు: 30 లక్షల నుంచి 1.23 కోట్ల దాకా. మనిషే దొరక్కపోతే పరిహారం ఎవరికి ఇస్తారు?

మన సరిహద్దు వాళ్లకు ఈ కష్టం మరీ ఎక్కువ. బళ్లారిలో చూపించుకుంటాం, ఆపరేషనుకు బెంగుళూరో, హైదరాబాదో, వేలూరో వెళ్తాం. 1953లో మన జిల్లా మైసూరు రాష్ట్రంలో కలిసింది మొదలు మనకు రెండు భాషల కాగితాలు అలవాటే, పోగొట్టుకోవడమూ అలవాటే. కీలు పెట్టెమీద కంపెనీ పేరు, నంబరు ఉన్న చిన్న స్టిక్కర్లుంటాయి. ఒకటి ఆస్పత్రి ఫైలులో అతికిస్తారు. దాని నకలు అడిగి ఇంటి పత్రాలతోపాటు పెట్టుకోండి. లోహం మీద లోహం రకమని తేలి, తుంటి నొప్పి, ఆయాసం, చెవుడు, చూపు మందగించడం లాంటివి కొత్తగా వస్తే నెత్తుట్లో కోబాల్టు పరీక్ష గురించి డాక్టరునడగండి. లీటరుకు 7 మైక్రోగ్రాములు దాటితే జాగ్రత్తగా చూడాలని బ్రిటన్‌లో 2010లోనే చెప్పారు.

మా మామ ఆపరేషనైన ఆస్పత్రికి ఉత్తరం రాశాం. పాత ఫైళ్లు గోదాములో ఉన్నాయి, వెతికి చెబుతామన్నారు. అత్త రోజూ పోస్టుమాను కోసం చూస్తోంది.