విజయనగర యోధుల దూదికుప్పసములు

విజయనగర రాయల యుద్ధములను రంగస్థలముపై ప్రదర్శింపబూనువారికి మొదట నెదురగు ప్రశ్న ఆయుధమును గూర్చినది కాదు, ఉడుపును గూర్చినది. కొయ్యకత్తిని ఏ వడ్రంగియైనను చెక్కి యీయగలడు. ఆ కత్తిదెబ్బకు నిలువవలసిన దేహముపై నేమి తొడుగవలెను? తగరపురేకులు, జరీపట్టీలు, బంగారురంగు పూసిన అట్టముక్కలు మన నాటకములకును చలనచిత్రములకును అలవాటైన కవచములు. ఇవి దీపకాంతిలో మెఱయును గాని దెబ్బ నాపవు. అంతకంటె ముఖ్యముగా, చరిత్రకు సరిపడవు. రాయల సేనలోని సామాన్యయోధుని దేహమును కాపాడినది ప్రధానముగా ఇనుము కాదు, దూది.

ఈ ప్రశ్న వైట్‌ఫీల్డ్ తెలుగువారికి దూరమైనది కాదు. వైట్‌ఫీల్డ్ అను పేరు క్రొత్తది. మైసూరు మహారాజు పదవ చామరాజ ఒడెయరు ఆంగ్లో ఇండియను కుటుంబముల నివాసమునకై భూమి నొసంగగా, 1882లో ఏర్పడిన యీ వలసకు దానికై పాటుపడిన డి. ఎస్. వైట్ పేరు వచ్చినది. ఆ పేరు పుట్టుటకు మూడున్నర శతాబ్దులకు పూర్వమే, 1537లో, విజయనగర సామంతుడైన కెంపేగౌడ బెంగుళూరు కోటను, పేటను కట్టించెను. ఆ పాతపేటలో అరళెపేట యను భాగము నేటికిని కలదు. కన్నడమున ‘అరళె’ యనగా దూది. కావున రాయల కాలపు వేషమును పునర్నిర్మింపదలచిన వైట్‌ఫీల్డ్ వాసులకు వలసిన ముఖ్యద్రవ్యము పేరుతోనే ఆ నగరమున నొక పేట వెలసియున్నది.

శిలలు ఈ విషయమున మనకు తోడ్పడుట తక్కువ. బెంగుళూరు ప్రభుత్వ సంగ్రహాలయమున నున్న బేగూరు వీరగల్లు గంగరాజుల కాలపు యుద్ధమును చూపునది. ఆ పోరున నాగత్తరుడను వీరుడు మడిసెను. హంపీ హజారరామాలయపు ప్రాకారముపై గుఱ్ఱములు, ఏనుగులు, భటులు వరుసలు దీరి యున్నారు. కాని శిల్పి ఉలి కత్తిని చెక్కగలదు, డాలును చెక్కగలదు. బట్ట మడతల నడుమ దాగిన దూదిని చెక్కజాలదు. రాతిపై నున్న యోధుడు ఒట్టి యంగీ తొడిగెనో, దూదికుప్పసము తొడిగెనో చెప్పుట కష్టము. ఆ దూదియు, ఆ బట్టయు చెదలకు, తేమకు ఆహుతియైనవి. ఇనుపకత్తులు సంగ్రహాలయములకు చేరినవి, కుప్పసములు చేరలేదు. అందుచేతనే కవచమనగానే లోహము స్ఫురించుట మనకు అలవాటైనది.

నూలుకవచము దక్షిణాపథమున రాయల కాలమున క్రొత్తగా పుట్టినది కాదు. కౌటిలీయార్థశాస్త్రము ఆయుధాగారమున నుండవలసిన కవచములను లెక్కించుచు, ఇనుపవల, ఇనుపపట్టము మున్నగువాని సరసన ‘సూత్రకంకటము’ను గూడ పేర్కొన్నది. నూలుతో నిర్మింపబడిన కవచమని దాని యర్థము. ఈ గ్రంథపు తాళపత్రప్రతి మైసూరు ప్రాచ్యగ్రంథాలయమునకు చేరగా, ఆర్. శామశాస్త్రిగారు దానిని 1909లో అచ్చువేయించిరి. తెలుగున కవచమునకు జోడు, బొందళము అను పేళ్లు కలవు; కుప్పసమనగా చొక్కా వంటి తొడుగు. ఈ వ్యాసమున ‘దూదికుప్పసము’ అనగా పొరల నడుమ దూది నుంచి గట్టిగా కుట్టిన యుద్ధపు తొడుగు.

రాయల కాలపు సాక్ష్యము విదేశీయుల వ్రాతలలో దొరకుచున్నది. ఇటలీ వాడైన వర్తెమా గ్రంథము 1510లో వెలువడినది. విజయనగరాధీశుడు యుద్ధమునకు వెడలునపుడు దూది కుట్టిన వస్త్రమును ధరించుననియు, దానిపై బంగారుబిళ్లలు, రత్నములు తాపిన మఱియొక వస్త్రమును తొడుగుననియు నతడు వ్రాసెను. ప్రభువునకు సైతము లోపల నున్నది దూదియే. బంగారము పైమెఱుగు మాత్రమే.

తరువాతి సాక్షి పోర్చుగీసు వాడైన డొమింగో పేస్. ఇతడు 1520 ప్రాంతమున కృష్ణదేవరాయల రాజధానికి వచ్చి, మహానవమి పిదప జరిగిన సేనాపరిశీలనమును కన్నులార చూచెను. అతని వర్ణనలో ఆశ్వికుల కుప్పసములకు పైభాగమున ముఖమలు, పట్టు, జరీబట్ట; లోపల పచ్చితోలు పొరలు, ఇనుపరేకులు. కొందఱి రేకులు బంగారుపూత గలవి, కొందఱివి వెండివి. తలపై మెడను కప్పు అంచులుగల శిరస్త్రాణములు. మూడవవాడు గుఱ్ఱముల వర్తకుడైన ఫెర్నావ్ నూనిజ్. 1535 మొదలు మూడేండ్లు విజయనగరమున నుండెను. 1520 నాటి రాయచూరు యుద్ధమునకు సేన కదలిన తీరును చెప్పుచు నతడు, విలుకాండ్రకును తుపాకివాండ్రకును దూదికుప్పసము లుండెననియు, డాలువాండ్ర డాళ్లు మేనంతయు కప్పునంత పెద్దవగుటచే వారికి వేఱు కవచ మక్కఱలేకపోయెననియు, ఆశ్వికుల తలపాగాలును వారి కుప్పసముల వలెనే దూదితో కుట్టబడినవనియు వ్రాసెను. పేస్, నూనిజ్‌ల రచనలను 1897లో డేవిడ్ లోపెస్ లిస్బనులో ప్రకటింపగా, రాబర్ట్ సూయెల్ 1900లో ఆంగ్లమున ననువదించెను.

ఈ కుప్పసములకు పోర్చుగీసులు వాడిన పదము ‘లౌదెల్’. బొంతను కన్నడిగులు ‘కౌది’ యందురు గనుక, రెండు పదములను ముడిపెట్టవలెనని చెవికి తోచును. కాని లౌదెల్ పోర్చుగీసువారి సొంతమాట. 1385లో అల్జుబరోటా యుద్ధమున వారి రాజు మొదటి జొవావ్ ధరించెనని చెప్పబడు లౌదెల్ ఒకటి నేటికిని గిమరాయిన్స్ సంగ్రహాలయమున నున్నది. తమ తాతలు తొడిగిన దానివంటిదే హంపిలో కనబడగా, తమ పేరుతోనే వ్యవహరించిరి.

ఇందు ఆశ్చర్యము లేదు. మెత్తని కవచము నానాదేశములకు సామాన్యము. ఇంగ్లండున రెండవ హెన్రీ 1181లో వెలువరించిన శాసనము, లోహకవచము కొనలేని పౌరులకు పొరలు కుట్టిన తొడుగును విధించినది. ఐరోపీయుల ‘అకెటన్’ అను తొడుగు పేరు, పత్తికి అరబ్బీపేరైన ‘అల్ ఖుత్న్’ నుండి వచ్చినది. ఫ్రాన్సున పదునొకండవ లూయీ తన భటులకు 25 మొదలు 30 వఱకు బట్టపొరలును, ఒక దుప్పితోలును గల తొడుగును నిర్ణయించెను. 1519లో మెక్సికోపై దండెత్తిన స్పెయిను భటులు ఆ దేశీయుల నూలుకవచములను చూచి తామును ధరించిరి. ఉష్ణదేశమున ఇనుము కాలును, చెమటకు త్రుప్పుపట్టును. దూది యట్లు కాదు.

ఇక పేస్, నూనిజ్‌లలో నెవరిని అనుసరింపవలెను? వేషధారులు సాధారణముగా పేస్ వర్ణనవైపు మొగ్గుదురు. అది కన్నులపండువుగా నుండును. కాని పేస్ చూచినది ఉత్సవమును. నూనిజ్ రాయచూరున లేకున్నను, అతడు చెప్పినది దండయాత్రను. యుద్ధమును ప్రదర్శింపదలచినచో నూనిజే మేలైన మార్గదర్శి. అతని మాటలలో నొక సూత్రము ఇమిడియున్నది: చేతులలో నున్నదానినిబట్టి మేనిపై నుండవలసినది నిర్ణయమగును. విలుకానికి రెండు చేతులును వింటికే చాలవు. డాలు పట్టుట కెడమేది? కావున నతని డాలు అతని కుప్పసమే. డాలువానికి కుప్పసము బరువే గాని లాభము లేదు. అందఱికి నొకే కవచమును తొడిగి వరుసలో నిలువబెట్టు నేటి ప్రదర్శనములు ఈ వివేకమును మఱచినవి.

దూది దెబ్బ నెట్లు ఆపునో తెలియుటకు ఇంటిలోని బొంత చాలును. పాతచీరలను పొరలుగా పరచి దగ్గఱదగ్గఱగా కుట్టుబోయగా, విడివిడిగా చిరుగు బట్ట ఒక్కటిగా బిగియును. కత్తిదెబ్బ యొక్కచోట పడినను పొరలు దానిని నలుదెసల పంచును; బాణపుమొన దారములలో చిక్కుకొని బలము కోల్పోవును. కుట్టులేని దూది నాలుగునాళ్లలో అడుగునకు జాఱి, భుజములకడ ఒట్టి బట్టయే మిగులును. కుప్పసమును ఎన్నుకొనువారు మందమును గాక మొదట కుట్టును పరీక్షింపవలెను. నిలువుకుట్లు నడుమును వంగనిచ్చును. చంకలకడ మందము తగ్గింపనిచో చేయి పైకి లేవదు. మెడ, మోచేయి, తల దెబ్బకు లోనగు చోట్లు గనుక అచట పొరలు పెంచవలెను. నేడు అంగళ్లలో చౌకగా దొరకు స్పాంజితో నింపిన తొడుగు తేలికయే. కాని అది చెమటను పీల్చదు, నీళ్లుకారు దేహముతో పోరాడువాడు త్వరలోనే సొమ్మసిల్లును. ఎంత మంచి కుప్పసమైనను మొన తీసిన కొయ్యకత్తులకే. నిజమైన ఆయుధము నెదుట దానిని నమ్మరాదు.

రాయచూరు ముట్టడిలోనే క్రిస్తోవావ్ ద ఫిగెయిరెదో యను పోర్చుగీసు తుపాకులు రాయల పక్షమున మ్రోగినవి. గుండు ముందు దూది నిలువదని నాడే కొంత తెలిసియుండును. అయినను అది వెంటనే మాయము కాలేదు. ఈ వైట్‌ఫీల్డునకు ఉత్తరమున దేవనహళ్లిలో పుట్టి, 1799 మే 4న శ్రీరంగపట్టణమున మడిసిన టిప్పు సుల్తానువని చెప్పబడు దూదికుట్టిన కవచములు ఆంగ్లేయుల సంగ్రహములకు చేరినవి. రాయల నాటికి 280 ఏండ్ల పిదప సైతము దక్షిణాది దర్జీ సూది యుద్ధపుపని మానలేదు.

ఈ కుప్పసమునకు ప్రాణము దూది యేకుటలో నున్నది. వింటినారితో దూదిని చిట్లించి, గింజను, చెత్తను విడదీసి, పింజలుగా లేపు దూదేకులవారు తెలుగునాట పల్లెపల్లెకును తిరుగుచుండిరి. కన్నడనాట వారినే పింజారులందురు. పరుపులు యంత్రములపాలైన పిదప ఆ వింటిమ్రోత అరుదైనది. కుప్పసమును కుట్టింపదలచువారు మిల్లులో నొక్కి చేసిన పొరలను గాక, చేత నేకిన దూదిని వెదకి తెచ్చుకొనుట మేలు. ప్రదర్శన ముగియగనే కుప్పసమును విప్పి, లోపలివైపు పైకి వచ్చునట్లు ఎండలో నారవేయవలెను. చెమటతో మడిచిపెట్టినచో దూది గడ్డకట్టును. గడ్డకట్టినదానిని కుట్టు విప్పి మరల నేకింపక తప్పదు.