వాసన లేని చందనం

పేరు చందనమే గాని ఎర్రచందనానికి సువాసన లేదు. శ్రీగంధం జాతి వేరు, యిది వేరు. వృక్షశాస్త్రం లెక్కన మన వంటింటి కందిపప్పుకు దూరపు చుట్టం! అయినా దీనికోసం దేశదేశాలు ఎగబడ్డాయి.

పుట్టిల్లు మాత్రం మనదే. శేషాచలం, వెలిగొండ, పాలకొండ, లంకమల — ఆ రాతి కొండల్లోనే ఎక్కువగా పెరుగుతుంది. పైనున్న తెల్లచెక్క చెక్కేస్తే లోపల నెత్తుటి రంగు చేవ. నీళ్ళల్లో వేస్తే మునిగిపోయేంత బరువు. ఆ చేవ కట్టడానికి దశాబ్దాలు పడుతుంది.

పద్నాలుగో శతాబ్దంలోనే ఇంగ్లండు రాజుగారి వంటవాళ్ళు దీని పొడితో కూరలకు ఎర్రరంగు తెచ్చేవారు. మనం మిరపకాయ మొహం చూడకముందు సంగతి యిది. అన్నట్టు, దీని రంగు నీళ్ళకు లొంగదు, సారాయిలోనైతే యిట్టే దిగుతుంది. అందుకే మందుల సీసాలకూ రంగైంది. జపానువాళ్ళు షామిసెన్ వాద్యానికి మెడ దీనితోనే చేసుకున్నారు. చీనాలోనైతే ‘జితాన్’ పేరుతో యీ కర్ర సింహాసనమెక్కింది. 1735 నుంచి 1796 దాకా ఏలిన చియన్‌లాంగ్ చక్రవర్తికి యీ సామానంటే మహా మోజు. కర్రలో అలలలాంటి చార వుంటే ధర మరీ మండిపోతుంది.

మరి మనమేం చేశామంటారా? తిరుపతి వెళ్ళినవాళ్ళు రాజారాణి బొమ్మలు తెచ్చి బొమ్మల కొలువులో పెట్టారు. పిల్లలు నోట్లో పెట్టుకున్నా అమ్మమ్మలు కసరలేదు, మంచిదేలెమ్మనుకున్నారు. విరిగిన ముక్కను సానరాయి మీద అరగదీసి ఆడపిల్లల మొటిమలకు పట్టువేశారు. చక్రవర్తి కుర్చీకన్నా యీ వాడకమే నాకు ముచ్చటగా తోస్తుంది. దీనికోసం అడవులు నరకనక్కర్లేదు కదా!

చీనాలో డబ్బున్న యిళ్ళకు ఆ రాచమోజు మళ్ళీ పట్టుకోగానే మన కొండలమీద దొంగగొడ్డళ్ళు లేచాయి. 1995లోనే అంతర్జాతీయ వ్యాపారానికి ఆంక్షలు పెట్టినా ఆగలేదు. 2015 ఏప్రిల్ 7న శేషాచలం అడవుల్లో పోలీసు కాల్పులకు 20 మంది బలయ్యారు. దుంగలు కొట్టడానికి వచ్చారన్నారు. పొట్టకూటికి తమిళనాడునుంచి వచ్చిన కూలీలు వాళ్ళు. వాళ్ళ యిళ్ళల్లో ఎర్రచందనపు కుర్చీలు లేవు. ఎదురుచూసే భార్యలున్నారు.