పాత కారు సీటులో మన గోనె, మన పీచు

పాత కారు సీటు కుంగితే మొత్తం మార్చేయమనేవాళ్లే ఇప్పుడు ఎక్కువ. ఒకప్పుడు మన పరుపుల్లాగే సీటునీ విప్పి బాగుచేసేవారు.

అంబాసిడర్ 1957లో మొదలై 2014 దాకా తయారైంది. అది మొదలైన రోజుల్లో కారు సీటంటే పొరలే. అడుగున ఇనుప స్ప్రింగులు, వాటి మీద గోనెగుడ్డ, ఆపైన కొబ్బరి పీచో దూదో, అన్నిటికీ పైన రెక్సిన్. రెక్సిన్ అనేది ఇంగ్లండులో ఒక కంపెనీ సరుకు పేరు. మన నోట వస్తువు పేరే అయిపోయింది. జర్మనీవాళ్ల బీటిల్ కారు సీట్లలోనూ రబ్బరు పాలు పట్టించిన కొబ్బరి పీచు వాడేవారు.

గోనె, పీచు మనకు కొత్తవా? గోగునార మన విజయనగరం, శ్రీకాకుళం పొలాలదే. నెల్లిమర్లలో జూట్ మిల్లే ఉంది. పీచంటే కవిటి, సోంపేట, కంచిలి వైపు ఉద్దానం. గోగు ఊరబెట్టి నార తియ్యడంలో, పీచు పనిలో ఎందరు ఆడవాళ్ల చేతులు అరిగాయో!

తర్వాత అచ్చుపోసిన ఫోమ్ వచ్చింది. తేలిక, చవక. దాంతో గోనె చిరిగితే గోనె, పీచు అణిగితే పీచు మార్చే పనితనం తగ్గిపోయింది.

2018 అక్టోబరులో తిత్లీ తుపాను ఉద్దానంలో లక్షల కొబ్బరి చెట్లను పడగొట్టింది. మళ్లీ నాటిన మొక్క కాపుకి రావాలంటే ఏళ్లు పడుతుంది. అందుకే పీచుని చెత్తగా చూడబుద్ధి కాదు.

మీ ఇంట్లో పాత కారుంటే, సీటు పారేసే ముందు ఒకసారి విప్పించి చూడండి. పోయింది ఒక్క పొరే కావచ్చు. అణిగిన పీచుని విడదీసి, ఎండబెట్టి, మళ్లీ పరిస్తే సీటు లేస్తుంది.