కోరిడోరాస్ చేపలలో పదేపదే వచ్చే వ్యాధులు

కోరిడోరాస్ చేపలలో పదేపదే వచ్చే వ్యాధులు అక్వేరియం పెంపకంలో తరచుగా ఎదురయ్యే సమస్య. మందు వేయగానే చేప కోలుకోవడం, కొన్ని వారాలకు అవే లక్షణాలు మరల కనబడటం దీని స్వభావం. ఇట్టి సందర్భాలలో వ్యాధికి మూలం తరచుగా తొట్టి అడుగుభాగంలో ఉంటుంది. దానిని సరిచేయక మందులు మాత్రమే మార్చుతూ పోవడం వలన చేపలు ఒక్కొక్కటిగా మరణిస్తాయి.

చేప పరిచయం

కోరిడోరాస్ దక్షిణ అమెరికాకు చెందిన చిన్న మంచినీటి చేపలు. ఇవి ఆండీస్ పర్వతాలకు తూర్పున గల నదులలో, వాగులలో నివసిస్తాయి. ఈ ప్రజాతికి 1803లో ఫ్రెంచి శాస్త్రవేత్త లాసెపేడ్ నామకరణం చేసాడు. గ్రీకు భాషలో శిరస్త్రాణం, చర్మం అనే అర్థాలు గల పదాల నుండి ఈ పేరు ఏర్పడింది. వీటి శరీరానికి ఇరుపక్కల పొలుసులకు బదులు రెండేసి వరుసల ఎముక పలకలు ఉంటాయి. తెలుగువారికి పరిచయమైన వాలుగ, జెల్ల చేపలు కూడా ఇవి చెందిన సిలురిఫార్మిస్ క్రమానికే చెందినవి. 2024లో జరిగిన వర్గీకరణ సవరణలో పలు జాతులను వేరు ప్రజాతులకు మార్చారు. అయినను పెంపకందారులు వాటన్నిటినీ కోరిడోరాస్ అనియే వ్యవహరిస్తున్నారు. ఈ వ్యాసంలో కూడా ఆ విశాలార్థమే గ్రహించబడినది.

ఇవి మూతి వద్ద గల మీసాలతో ఇసుకను తడుముతూ ఆహారం వెదకుకొంటాయి. అప్పుడప్పుడు నీటి పైకి వచ్చి గాలిని మింగి, పేగు ద్వారా అందులోని ప్రాణవాయువును గ్రహిస్తాయి. ఇది సహజ లక్షణం. అయితే అదేపనిగా పైకి వస్తూ ఉంటే నీటిలో ప్రాణవాయువు తగ్గినదనిగాని, మొప్పలు దెబ్బతిన్నవనిగాని అనుమానించవలెను.

లక్షణాలు

* మీసాలు పొట్టిగా మారడం లేదా పూర్తిగా అరిగిపోవడం
* పొట్టపై, వాజాల మొదళ్ళలో ఎర్రని మచ్చలు
* వాజాలు చీలిపోవడం, అంచులు తెల్లబడటం
* శరీరంపై ఉప్పు కణికల వంటి తెల్లని చుక్కలు
* వేగంగా శ్వాసించడం, ఆహారం ముట్టక ఒకచోట పడి ఉండటం

కారణాలు

అడుగున పేరుకొనే మలినం: తినగా మిగిలిన ఆహారం, విసర్జకాలు, కుళ్ళిన ఆకులు గులకరాళ్ళ సందులలో చేరి బాక్టీరియాకు నెలవవుతాయి. కోరిడోరాస్ రోజంతా పొట్టను, మీసాలను ఆ మలినానికే ఆనించి ఉంటాయి. అందువలన పైన ఈదే చేపలు ఆరోగ్యంగా కనబడుతున్నను ఇవి ముందుగా జబ్బుపడతాయి. మీసాలు అరగడానికి గరుకు రాళ్ళే కారణమని చాలామంది భావిస్తారు. రాళ్ళు గాయపరచవచ్చును గాని, అడుగు మురికిగా ఉంటే మెత్తని ఇసుకలో కూడా మీసాలు పోతాయి.

అమ్మోనియా: కుళ్ళిన పదార్థం నుండి, చేపల మొప్పల నుండి అమ్మోనియా వెలువడుతుంది. దానిని ఒక రకం బాక్టీరియా నైట్రైట్‌గా, మరొక రకం నైట్రేట్‌గా మారుస్తాయి. దీనినే నత్రజని వలయం అంటారు. 25° సె. వద్ద పీహెచ్ 7 ఉన్న నీటిలో మొత్తం అమ్మోనియాలో సుమారు 0.6 శాతం మాత్రమే విషరూపంలో ఉంటుంది. పీహెచ్ 8 అయితే అది సుమారు 5 శాతానికి చేరుతుంది. కావున ఒకే పరీక్ష ఫలితం రెండు తొట్లలో రెండు విధాలైన అర్థాన్ని ఇస్తుంది.

వేడి: 20° సె. వద్ద లీటరు నీటిలో సుమారు 9 మి.గ్రా. ప్రాణవాయువు కరుగుతుంది. 30° సె. వద్ద అది సుమారు 7.5 మి.గ్రా. మాత్రమే. చాలా కోరిడోరాస్ జాతులకు 22°-26° సె. అనుకూలం. తెలుగు రాష్ట్రాలలో వేసవిలో తొట్టి నీరు 30° సె. దాటడం సాధారణం కనుక ఆ కాలంలో వ్యాధులు తిరగబెట్టే అవకాశం ఎక్కువ.

తెల్లచుక్క పరాన్నజీవి: ఇక్తియోఫ్తిరియస్ అనే ఏకకణజీవి చేప చర్మం క్రింద ఎదిగి, రాలి అడుగున కోశం కట్టుకొంటుంది. అందులో వందలాది పిల్లజీవులు పుట్టి మరల చేపను వెదకుతాయి. మందు ఈ ఈదే దశలోని జీవులనే చంపగలదు. చుక్కలు మాయమైన వెంటనే మందు ఆపితే, అడుగున ఉన్న కోశాల నుండి వ్యాధి తిరిగి వస్తుంది.

కారణాన్ని కనుగొనే క్రమం

1. అమ్మోనియా, నైట్రైట్, నైట్రేట్, పీహెచ్, ఉష్ణోగ్రత పరీక్షించాలి. మొదటి రెండు సున్నా ఉండాలి.
2. ఫలితాలు సవ్యంగా ఉన్నను ఆగరాదు. గొట్టంతో అడుగును పీల్చి, బకెట్‌లో పడిన నీటిని చూడాలి. నీరు నల్లగా, దుర్వాసనతో ఉంటే కారణం దొరికినట్లే.
3. వ్యాధి వచ్చిన తేదీల ప్రక్కన కొత్త చేపల రాక, వడపోత పరికరం కడిగిన రోజు, విద్యుత్ కోత, ఎండ తీవ్రత వ్రాసుకోవాలి. కొన్ని నెలలలో క్రమం బయటపడుతుంది.
4. అన్ని చేపలకు ఒకేసారి వస్తే నీటిని, కొత్త చేప వచ్చిన తరువాత వస్తే అంటువ్యాధిని ముందుగా అనుమానించాలి.

చికిత్స

మొదటి చికిత్స నీరు మార్చడమే. క్లోరిన్ తొలగించిన నీటితో, పాత నీటి ఉష్ణోగ్రతకు సరిపోయేటట్లు మార్చాలి. మీసాల మూలం మిగిలి ఉంటే, అడుగు శుభ్రపడిన తరువాత అవి తిరిగి పెరగవచ్చును. రాగి లవణాలు గల మందులు మెత్తని నీటిలో మరింత విషపూరితం. మిథిలీన్ బ్లూ నత్రజని వలయపు బాక్టీరియాకు హాని చేస్తుంది కనుక దానిని వేరు తొట్టిలోనే వాడాలి. రోగం నిర్ధారణ కాకుండా యాంటీబయాటిక్‌లు వాడటం, సగంలో ఆపివేయడం వలన మందుకు లొంగని బాక్టీరియా వృద్ధి చెందుతాయి.

విసిగిపోయి తొట్టినంతా ఖాళీ చేసి, రాళ్ళను, వడపోత స్పాంజిని కుళాయి నీటితో కడగడం పెద్ద పొరపాటు. దానివలన మేలుచేసే బాక్టీరియా చాలావరకు నశించి, అమ్మోనియా పెరిగి, మరియొకసారి వ్యాధి వస్తుంది. స్పాంజిని తొట్టి నుండి తీసిన నీటిలోనే పిండాలి.

నివారణ

వారానికి 25-30 శాతం నీరు మార్చుతూ, ప్రతిసారి అడుగులో ఒక భాగాన్ని శుభ్రం చేయాలి. మెత్తని ఇసుకను పలుచగా పరచాలి. కొత్త చేపలను 3-4 వారాలు వేరుగా ఉంచాలి. ఇవి గుంపుగా జీవించేవి కనుక కనీసం ఆరింటిని కలిపి పెంచడం మంచిది.

కోరిడోరాస్ తొట్టిని శుభ్రం చేసే చేప అనే నమ్మకం సరికాదు. అది ఇతర చేపల విసర్జకాలను తినదు. దానికి అడుగుకు మునిగే ఆహారం వేరుగా వేయవలెను, మిగిలినది తీసివేయవలెను. పారిశుద్ధ్యం పెంచేవారి బాధ్యతే.