సెల్‌ఫోన్ చిప్

సెల్‌ఫోన్ చిప్ అనగా సెల్‌ఫోనులో మాటను, సమాచారాన్ని రేడియో తరంగాలకు అనువుగా మార్చి టవరుతో సంబంధం కలిపే సిలికాన్ పరికరము. దీనిలో సంకేతాలను లెక్కకట్టే భాగాన్ని బేస్‌బ్యాండ్ ప్రాసెసర్ అని, తరంగాలను పంపి అందుకొనే భాగాన్ని ట్రాన్స్‌సీవర్ అని అంటారు. ఈ భాగాలను ఒకే చిప్‌లో ఇమడ్చగలగడం ఫోను ధర తగ్గడానికి ఒక ముఖ్య కారణము.

అమ్మకాల పెరుగుదల

భారతదేశంలో మొదటి సెల్‌ఫోన్ సంభాషణ 1995 జూలై 31న పశ్చిమ బెంగాల్ ముఖ్యమంత్రి జ్యోతిబసు, కేంద్రమంత్రి సుఖ్‌రామ్‌ల మధ్య జరిగినది. అప్పట్లో వచ్చే కాల్‌కు కూడా రుసుము చెల్లించవలసి వచ్చేది. ఆ రుసుము 2003లో తొలగిపోయినది. అదే సంవత్సరం రిలయన్స్ సంస్థ తొలి చెల్లింపుగా 501 రూపాయలు తీసుకొని క్వాల్‌కామ్ వారి సి.డి.ఎం.ఏ. పద్ధతిలో పనిచేసే ఫోను ఇచ్చినది. టార్చిలైటుతో కూడిన నోకియా 1100 వచ్చినదీ 2003లోనే. ఈ ఒక్క నమూనా ప్రపంచమంతటా 25 కోట్లకు పైగా అమ్ముడుపోయినది. గార్ట్‌నర్ సంస్థ లెక్కల ప్రకారం ప్రపంచ అమ్మకాలు 2003లో సుమారు 52 కోట్లు కాగా, 2007లో 115 కోట్లు.

చిప్ తయారీదారులు

ఈ అమ్మకాలు చూసి కంప్యూటర్ చిప్‌ల సంస్థలు కూడా వైర్‌లెస్ వైపు మళ్ళాయి. అందరికీ లాభించలేదు. ఇంటెల్ తన ఫోను చిప్‌ల విభాగాన్ని 2006లో 60 కోట్ల డాలర్లకు మార్వెల్‌కు అమ్మివేసి, 2010లో ఇన్ఫినియన్ వైర్‌లెస్ విభాగాన్ని 140 కోట్ల డాలర్లకు కొనడానికి ఒప్పందం చేసుకొన్నది. 2019లో మోడెమ్ వ్యాపారంలో అధికభాగాన్ని 100 కోట్ల డాలర్లకు ఆపిల్‌కు అమ్మజూపినది. సరైన సమయంలో అమ్మి, తప్పు సమయంలో కొనడం కాదు. రెండూ తప్పు సమయంలోనే జరిగాయి. సి.డి.రామ్ డ్రైవుల చిప్‌లతో మొదలైన తైవాన్ సంస్థ మీడియాటెక్ మాత్రం, చిప్‌తోపాటు ఫోను నమూనా మొత్తాన్నీ సిద్ధం చేసి ఇవ్వడం ద్వారా చిన్న తయారీదారులకు దారి చూపినది.

ఆంధ్రప్రదేశ్‌లోని శ్రీసిటీలో ఫాక్స్‌కాన్ కర్మాగారంలో తయారైన షావోమి రెడ్‌మి 2 ప్రైమ్ ఫోనును 2015 ఆగస్టు 10న విశాఖపట్నంలో విడుదల చేశారు. దానిలోని చిప్ క్వాల్‌కామ్ వారిది.

సాలూరు ప్రాంతంలో

సాలూరు లారీల వ్యాపారానికి పేరుపొందిన పట్టణము. ఇక్కడి నుండి 26వ నంబరు జాతీయ రహదారి పి.కోనవలస ఘాట్ మీదుగా ఒడిషా వైపు పోతుంది. సెల్‌ఫోను రాకముందు డ్రైవరు ఏదో ఊరి ఎస్.టి.డి. బూతు నుండి ఫోను చేస్తే తప్ప లారీ యజమానికి కబురు తెలిసేది కాదు. తిరుగు లోడు దొరకక ఖాళీగా వస్తే డీజిలు ఖర్చు చేతినుండి పోయేది. లోడు దిగకముందే తిరుగు లోడు మాట్లాడుకొనే వీలు సెల్‌ఫోనుతోనే కలిగినది.

కొండమీది గిరిజన గ్రామాల సంగతి వేరు. రేడియో తరంగాలకు కొండ అడ్డు. చిప్ ఎంత మంచిదైనా, టవరు అందనిచోట ఫోను గడియారానికి, టార్చికి మాత్రమే ఉపయోగపడుతుంది. 108 అంబులెన్సును పిలవడానికీ, రేషను ఈ-పాస్ యంత్రం పనిచేయడానికీ సిగ్నలే ఆధారము. 2020లో బడులు మూతపడి పాఠాలు ఫోనుకు మారినప్పుడు ఈ లోటు పిల్లల చదువు మీద పడినది.

కేంద్ర ప్రభుత్వం 2021 నవంబరులో 5 రాష్ట్రాల 44 ఆకాంక్షిత జిల్లాలలోని 7,287 గ్రామాలకు 4జీ పథకాన్ని ఆమోదించినది. అప్పటికి సాలూరు అట్టి జిల్లాలలో ఒకటైన విజయనగరంలో ఉండేది. 2022 ఏప్రిల్ 4న పార్వతీపురం మన్యం జిల్లాలో చేరినది. 2022 జూలైలో బి.ఎస్.ఎన్.ఎల్. ద్వారా మరి 24,680 గ్రామాలకు 26,316 కోట్ల రూపాయలతో ఇటువంటి పథకమే మంజూరైనది.

టవరు వచ్చినచోట మళ్ళీ చిప్ ప్రశ్న ఎదురవుతుంది. నోకియా 1100 వంటి పాత ఫోనుల చిప్‌కు 2జీ మాత్రమే తెలుసు. జియోకు 2జీ లేదు కనుక ఆ సంస్థ టవరు ఒక్కటే ఉన్న ఊరిలో అటువంటి ఫోను మోగదు. 2017లో జియో 1,500 రూపాయల ధరావతుతో 4జీ కీప్యాడ్ ఫోనును తెచ్చినది ఇటువంటి వినియోగదారుల కోసమే.